మునిగిన లోయ మీద ఒక రాత్రి

2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర లాంచీ మునిగిన రోజు నుంచి మా అమ్మ పడవ ఎక్కలేదు. అంతకుముందు ఆమెకు లాంచీ అంటే మనకు ఆర్టీసీ బస్సు లాంటిది. అమ్మ పుట్టిల్లు దేవీపట్నం. గోదావరి ఒడ్డున, పాపికొండలకు వెళ్లే దారిలో ఉంటుంది. చిన్నప్పుడు గండి పోచమ్మ జాతరకీ, పేరంటాలపల్లికీ, కొరుటూరులో చుట్టాలింటికీ అన్నిటికీ లాంచీయే. నా వేసవి సెలవుల్లో సగం ఆ రేవు మెట్ల మీదే గడిచాయి.

ఆ ఊరు పోలవరం ముంపులో ఉంది. నదికి అడ్డంగా తాత్కాలికంగా కట్టే కాఫర్ డ్యాం లేచాక వరద వచ్చినప్పుడల్లా నీళ్లు ఇళ్లలోకి రావడం మొదలైంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటిన వారంలో అమ్మమ్మ వాళ్ల ఇంటి పైపెంకులు కూడా కనపడలేదు. పిన్ని వాళ్లు ఇప్పుడు పునరావాస కాలనీలో ఉంటున్నారు. అమ్మ ఆ తర్వాత గోదావరి వైపు వెళ్లడమే తగ్గించేసింది.

అలాంటి మనిషిని వియత్నాంలో, హా లాంగ్ పక్కనున్న బాయ్ తూ లాంగ్ అఖాతంలో, రాత్రంతా పడవలో ఉండే ప్రయాణానికి తీసుకెళ్లాను. నీళ్లలో నిలబడ్డ కొండలను ఆమె మళ్లీ చూడాలన్నది నా కోరిక. నేను టికెట్ల గురించి చూస్తున్న రోజుల్లోనే, 2025 జూలైలో, హా లాంగ్‌లో ఉన్నట్టుండి వచ్చిన గాలివానకు ఒక పర్యాటక పడవ బోల్తాపడి 30 మందికి పైగా చనిపోయారు. ఈ సంగతి అమ్మ దగ్గర దాచలేదు. ఆమె పేపరు మడిచి పక్కన పెట్టి మూడు ప్రశ్నలు అడిగింది. లైఫ్ జాకెట్లు ఎక్కేటప్పుడే ఇస్తారా? గాలి లేస్తుందని తెలిస్తే పడవ వదలకుండా ఆపేవాళ్లు ఎవరైనా ఉన్నారా? రాత్రి నడుపుతారా, ఎక్కడైనా కట్టేస్తారా?

ఆ మూడింటినీ పడవ వాళ్లకు రాసి పంపాను. జాకెట్లు ఎక్కగానే ఇస్తారట. తుపాను హెచ్చరిక ఉంటే రేవు అధికారులే ఒక్క పడవనూ వదలరట. రాత్రి కొండల మధ్య గాలి తగలని చోట లంగరు వేస్తారట. అమ్మ రెండు రోజులు ఆలోచించి, "సరే, నవంబరులో అయితే వస్తాను" అంది. ఆ లెక్క సరైనదే. అక్కడ వేసవి నెలల్లో ఉక్కపోత, గాలివానలు, తుపాన్లు. ఫిబ్రవరి, మార్చిలో తుంపర, పొగమంచు. అక్టోబరు చివర నుంచి డిసెంబరు దాకా ఆకాశం తేటగా ఉంటుంది. మన పాస్‌పోర్టుకు ఈ-వీసా కావాలి. ఆన్‌లైన్‌లో 25 డాలర్లు కట్టి తీసుకున్నాం.

మొదటి రోజు: హనోయ్

హనోయ్‌లో ఒక సాయంత్రమే ఉన్నాం. వాళ్ల గడియారం మనకన్నా గంటన్నర ముందు. పాత బస్తీ వీధుల్లో మోటారు సైకిళ్ల వరద చూసి అమ్మ నా మోచెయ్యి వదల్లేదు. హోన్ కియెమ్ చెరువు గట్టున కూర్చుని గుడ్డు కాఫీ తాగాం. గుడ్డు పచ్చసొనను పంచదారతో నురగ వచ్చేదాకా గిలకొట్టి కాఫీ మీద పోస్తారు. నాకు నచ్చింది, అమ్మ ఒక చెంచా తిని నాకు ఇచ్చేసింది.

డబ్బు మార్చినప్పుడు రూపాయికి దాదాపు 300 డాంగ్‌లు వచ్చాయి. 2 లక్షల డాంగ్‌ల నోటు వెనక హా లాంగ్ బొమ్మ ఉంటుంది. నీళ్లలో ఒక చిన్న రాతి దీవి, పక్కన తెరచాప పడవలు. ఆ రాయిని అక్కడి వాళ్లు అగరుబత్తీలు గుచ్చే పాత్రతో పోల్చి పేరు పెట్టుకున్నారు. అది హా లాంగ్ ప్రధాన మార్గంలో ఉంది, మేం వెళ్లేది తూర్పున ఉన్న బాయ్ తూ లాంగ్ వైపు. అటు పడవలు తక్కువ, రద్దీ తక్కువ. పెద్దవాళ్లను తీసుకెళ్లే వాళ్లకు నేను అదే చెబుతాను. హా లాంగ్‌లోని తీ తోప్ దీవి మీదికి నాలుగు వందలకు పైగా మెట్లు ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మకు అది పడదు.

రెండో రోజు: హోన్ గాయ్ రేవు నుంచి వుంగ్ వియెంగ్ దాకా

పొద్దున ఎనిమిదికి వ్యాను వచ్చింది. హనోయ్ నుంచి హాయ్ ఫోంగ్ మీదుగా ఎక్స్‌ప్రెస్ హైవే ఉంది, రెండున్నర గంటల దారి. మధ్యలో బాక్ డాంగ్ నది మీద 2018లో తెరిచిన పెద్ద వంతెన వస్తుంది. దాని మీదికి రాగానే మా గైడ్ కుర్రాడు మైకు అందుకున్నాడు.

ఈ నదిలోనే 938లో న్గో క్వెన్ అనే సేనాని దక్షిణ హాన్ రాజ్యపు నౌకలను ఓడించాడు. పెద్ద దుంగల మొనలకు ఇనుప తొడుగులు వేయించి నది అడుగున పాతించాడు. పోటు మీద ఉన్నప్పుడు మొనలు నీళ్ల కింద ఉంటాయి. తేలిక పడవలతో కవ్వించి శత్రువును లోపలికి రప్పించి, నీళ్లు తీసే సమయానికి ఎదురు తిరిగాడు. వెనక్కి పారిపోబోయిన పెద్ద నౌకలు దుంగల మీద చిక్కుకున్నాయి. 1288లో మంగోలు యువాన్ సైన్యం మీద ట్రాన్ హుంగ్ దావ్ మళ్లీ అదే ఎత్తు వేశాడు. కత్తికన్నా నీటి వేళలు తెలిసినవాడు గెలిచిన యుద్ధాలివి. అమ్మ కిటికీకి ముఖం ఆనించి, "నీళ్లు ఎంత తీస్తే దుంగలు బయటపడతాయి?" అని అడిగింది. మూడు నాలుగు మీటర్ల తేడా ఉంటుందన్నాడతను. అమ్మ నా వైపు తిరిగి, "రెండు నిలువులు" అంది.

హోన్ గాయ్ రేవు పట్టణం మధ్యలోనే ఉంది. దగ్గర్లో నిటారుగా ఒక రాతికొండ లేచి ఉంటుంది. 1468లో లే థాన్ టోంగ్ చక్రవర్తి ఇక్కడికి వచ్చినప్పుడు రాసిన పద్యాన్ని ఆ కొండ రాతి మీద చెక్కించాడు. అప్పటి నుంచి పద్యాల కొండ అనే పేరు నిలిచిపోయింది. పద్యం కోసం ఒక కొండకే పేరు మారిన ఊరంటే నాకు వెంటనే ఇష్టం కలిగింది.

రేవులో పడవలన్నీ తెల్లగా ఉన్నాయి. ఒకప్పుడు ముదురు చెక్క రంగులో ఉండేవట, 2012లో పర్యాటక పడవలన్నీ తెల్ల రంగు వేసుకోవాలని ఇక్కడి ప్రభుత్వం ఆదేశించింది. బూడిదరంగు కొండల మధ్య ఆ పాత చెక్క రంగే బాగుండేదని నాకనిపిస్తుంది. ఎక్కగానే జాకెట్లు ఇచ్చారు, ఎలా తొడుక్కోవాలో చూపించారు. ప్రమాదం జరిగితే ఎటు వెళ్లాలో చెబుతుంటే అమ్మ మొదటి వరసలో నిలబడి వింది. జాకెట్ తాడు తనే మూడుసార్లు ముడి వేసి విప్పి చూసింది. గది కిటికీ ఎలా తెరుచుకుంటుందో కూడా చూసుకున్నాకే చెప్పులు విప్పి కూర్చుంది. ఆ టెన్షన్ తగ్గడానికి అరగంట పట్టింది.

తర్వాత కొండలు మొదలయ్యాయి.

మొదట దూరంగా ఒకే గోడలా కనపడ్డాయి. దగ్గరయ్యే కొద్దీ ఆ గోడ విడిపోయి ముక్కలైంది, ముక్కల మధ్య నుంచి ఇంకో వరస, దాని వెనక మరో వరస. ముందరివి పచ్చగా, వెనకవి నీలంగా, ఆ వెనకవి పొగలా. హా లాంగ్ మొత్తం మీద 1,969 దీవులున్నాయని లెక్క. చాలావాటి మీద మనిషి నిలబడడానికి కూడా చోటు లేదు. నీళ్లలోంచి నిటారుగా లేచిన సున్నపురాయి, దాని పగుళ్లలో వేళ్లు దూర్చి బతుకుతున్న చెట్లు. యునెస్కో 1994లో హా లాంగ్ అందానికీ, 2000లో దాని భూగర్భ చరిత్రకూ ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చింది. 2023లో పక్కనున్న కట్ బా దీవులనూ అందులో కలిపింది.

సముద్రం మీద ఉన్నామనే అనిపించదు. అలలే లేవు. ఇన్ని దీవులు అడ్డుపడితే బయటి కెరటం లోపలికి రాలేదు. అమ్మ రెయిలింగు పట్టుకుని, "అచ్చం పాపికొండల మలుపులాగే ఉందే" అంది. అవును. గోదావరి ముందు దారి మూసుకుపోయినట్టు కనపడి, దగ్గరికి వెళ్లాక పక్కకు తెరుచుకుంటుంది చూడండి, ఇక్కడా అదే. తేడా ఒక్కటే, అక్కడ ఒక్క దారి, ఇక్కడ వంద.

మధ్యాహ్నం భోజనంలో ఒక ముచ్చట. అమ్మ చేపలు తింటుంది, నేను తినను. శాకాహారానికి వాళ్ల మాట వినడానికి 'చాయ్' లాగే ఉంటుంది. ఆ మాట గట్టిగా చెప్పాలి, లేదంటే కూరల్లో కూడా చేపలను ఉప్పులో ఊరబెట్టి తీసే నువాక్ మామ్ అనే రసం వేస్తారు. నా కోసం వెల్లుల్లి వేసి వేయించిన ఒక ఆకుకూర తెచ్చారు. అమ్మ ఒక కాడ తీసి చూసి, కొరికి, "ఇది తూటికూర కదే!" అంది. నిజంగా తూటికూరే. మన చెరువు గట్ల మీద ఎవరూ కోయకుండా వదిలేసే ఆకు, ఇక్కడ ప్రతి పూటా బల్ల మీద ఉంటుంది. అమ్మ బ్యాగులోంచి కందిపొడి డబ్బా తీసింది. చేప మీద ఇష్టం ఉన్నవాళ్లకు మాత్రం ఈ తీరం పండగే. స్క్విడ్‌ను దంచి, అప్పాల్లా తట్టి వేయించేది హా లాంగ్ ప్రత్యేకం. అమ్మ అవి మూడు తింది.

భోజనాలయ్యాక గైడ్ డ్రాగన్ కథ చెప్పాడు. శత్రువులు సముద్రం మీద వస్తుంటే స్వర్గం నుంచి తల్లి డ్రాగన్ పిల్లలతో దిగివచ్చి రత్నాలు ఉమ్మిందట. అవి నీళ్లలో పడి దీవులై అడ్డుగోడగా నిలిచాయట. హా లాంగ్ అంటే దిగివచ్చిన డ్రాగన్. బాయ్ తూ లాంగ్ అంటే పిల్ల డ్రాగన్లు తల్లికి మొక్కిన చోటు. ఆ అర్థం చెప్పినప్పుడు అమ్మ నవ్వి నా తల మీద చెయ్యి వేసింది.

అసలు కథ కూడా తక్కువదేం కాదు. ఈ సున్నపురాయి 25 కోట్ల ఏళ్ల కన్నా పాతది, పురాతన సముద్రం అడుగున పేరుకున్నది. తర్వాత అది నేలగా పైకి లేచింది. కోట్ల ఏళ్ల వానలు దాన్ని కరిగిస్తూ, కోస్తూ, కొండలుగా, లోయలుగా విడగొట్టాయి. చివరి మంచుయుగం ముగిసి మంచు కరిగినప్పుడు సముద్రం పెరిగి, ఏడెనిమిది వేల ఏళ్ల కిందట ఈ లోయల్లోకి వచ్చి నిలిచింది. మనం దీవులంటున్నవి ఆ కొండల శిఖరాలు. పడవ వెళ్లేది మునిగిపోయిన లోయ మీద.

ఇది అమ్మకు తెలుగులో చెప్పి ముగించేసరికి ఆమె నీళ్లకేసి చూస్తూ ఉంది. "అప్పుడు కింద ఊళ్లుండేవా?" అని అడిగింది. నాకు తెలియక గైడ్‌ను అడిగాను. ఊళ్లు కాదు గానీ మనుషులున్నారు, గుహల్లో ఉండేవాళ్లు, సోయ్ న్యూ సంస్కృతి అంటారు అన్నాడు. వాళ్ల గుహల్లో మంచినీటి నత్తల గుల్లలు కుప్పలుగా దొరికాయట. అప్పటికి ఇక్కడ సముద్రం లేదనడానికి ఆ గుల్లలూ ఒక ఆనవాలు.

సాయంత్రం నాలుగు దాటాక వుంగ్ వియెంగ్ చేరాం. చుట్టూ కొండలు, మధ్యలో చెరువులా నిలిచిన నీళ్లు, ఆ నీళ్ల మీద వరసగా కొన్ని ఇళ్లు. ఇది తేలే ఊరు. పెద్ద పడవ బయట ఆగిపోయింది. వెదురు అల్లి, నీరు చొరకుండా పూత పూసిన చిన్న పడవల్లోకి మమ్మల్ని నలుగురేసి చొప్పున దించారు. మా పడవ తెడ్లు వేసింది యాభై దాటిన ఒక ఆమె. తాటాకు గొడుగులాంటి టోపీ, చేతులకు తొడుగులు. చప్పుడు లేదు, తెడ్డు నీళ్లలో దిగే శబ్దం ఒక్కటే.

ఇళ్లు చిన్నవి, నీలం, ఆకుపచ్చ రంగులు వేసినవి. చాలావాటికి తాళాలున్నాయి. ఒక అరుగు మీద కుక్క ఒకటి పడుకుని మమ్మల్ని చూసి తోక ఊపింది. తరాల తరబడి ఇక్కడ చేపలు పట్టుకుంటూ నీళ్ల మీదే బతికిన కుటుంబాలను 2014లో ప్రభుత్వం ఒడ్డుకు తరలించింది. ఈ అఖాతంలోని తేలే ఊళ్లన్నిటి నుంచీ మూడు వందలకు పైగా కుటుంబాలు హా ఫోంగ్ అనే చోట కట్టిన కాలనీకి వెళ్లిపోయాయి. చెప్పిన కారణాలు చిన్నవి కావు. తుపాన్లలో ప్రాణభయం, పిల్లల చదువు, ఆసుపత్రి, మురుగంతా నీళ్లలోనే కలవడం. 2024 సెప్టెంబరు 7న యాగీ తుపాను ఈ తీరాన్ని తాకినప్పుడు చేపల పెంపకం పంజరాలూ, పడవలూ ఎన్నో కొట్టుకుపోయాయి. ఆ రాత్రి ఇక్కడ పిల్లలతో కుటుంబాలు ఉండి ఉంటే ఏమయ్యేదో అనుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఇప్పుడు కొందరు పగటిపూట వచ్చి తెడ్లు వేస్తారు, ముత్యాల పెంపకంలో పనిచేస్తారు, రాత్రికి కొద్దిమందే ఉంటారు.

అమ్మ గైడ్‌తో, "ఆమెది ఈ ఊరేనా అడుగు బాబూ" అంది. తెలుగులోనే అంది. నేను ఇంగ్లీషులో చెబితే అతను వాళ్ల భాషలో అడిగాడు. ఆమె తెడ్డు ఆపకుండానే గడ్డంతో ఒక వైపు చూపించింది. అక్కడ ఇల్లేమీ లేదు, నీళ్లే ఉన్నాయి. పెళ్లయి పడవలో ఆ చోటికే వచ్చిందట, ఇద్దరు పిల్లలూ అక్కడే పుట్టారట. ఇప్పుడు కొడుకు పట్టణంలో ఉద్యోగం చేస్తున్నాడు. చదువుకోబట్టే ఉద్యోగం వచ్చింది, ఒడ్డుకు వెళ్లకపోతే చదివేవాడు కాదు అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో నిజమైన సంతోషం ఉంది.

"ఇల్లు బాగుందా?"

బాగుందట. గట్టి గోడలు, కరెంటు, నీళ్ల పంపు. కాస్త ఆగి ఇంకో మాట చెప్పింది. గైడ్ దాన్ని ఇలా చెప్పాడు: "ఇక్కడైతే బియ్యం మాత్రమే కొనేదాన్ని. అక్కడ చేప కూడా కొనాలి."

అమ్మ ముందుకు వంగి ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. "మాకూ కాలనీ ఇచ్చారమ్మా. ఇళ్లు బాగానే ఉన్నాయి. గోదారే లేదు." ఇది నేను ఇంగ్లీషులోకి మార్చడానికి కొంచెం సమయం పట్టింది. గైడ్ చెప్పాక ఆమె తెడ్లు రెండూ పైకెత్తి ఒడిలో పెట్టుకుంది. పడవ దానంతటదే మెల్లగా తిరిగింది. మీ ఊళ్లో ఎన్ని ఇళ్లుండేవని అడిగింది. రేవులో పడవలన్నీ ఎవరివి, ఏం పండేది, ఇప్పుడు మీ వాళ్లు ఏం పని చేస్తున్నారు, ఇవన్నీ అడిగింది. అమ్మ ఒక్కోటీ చెప్పింది. పొగాకు, వెదురు, సీతాఫలాలు. లాంచీ కూత వినపడితే పిల్లలందరూ రేవుకు పరిగెత్తడం. మిగతా పడవలు ముత్యాల దగ్గరికి వెళ్లిపోయాయి, మేం పావుగంట అక్కడే ఉన్నాం. తొందరపెట్టకుండా రెండు భాషలు మోసిన ఆ గైడ్ కుర్రాడికి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

ముత్యాల గురించి రెండు మాటలు. ఆలిచిప్పను కొద్దిగా తెరిచి, గుల్లతో చేసిన గుండ్రటి పూసనూ, మరో ఆలిచిప్ప కండ ముక్కనూ లోపల పెడతారు. తర్వాత బోనుల్లో వేసి నీళ్లలో వేలాడదీస్తారు. ముత్యం తయారవడానికి ఏళ్లు పడుతుంది, అన్నిట్లోనూ మంచి ముత్యం రాదు. హైదరాబాద్‌లో ఏళ్లుగా ముత్యాలు కొంటున్నా ఆ చిప్ప లోపలి పని నేను చూడడం ఇదే మొదటిసారి. అమ్మ ఏమీ కొనలేదు.

ఆ రాత్రి

చీకటి పడేసరికి నాలుగు కొండల మధ్య లంగరు వేశారు. ఇంకో మూడు పడవల దీపాలు దూరంగా కనపడుతున్నాయి. రాత్రి భోజనం తర్వాత పడవ వెనక భాగంలో నీళ్ల మీదికి పెద్ద దీపం వేలాడదీసి, వెదురు కర్రలకు కట్టిన గేలాలు చేతికిచ్చారు. వెలుగుకు చిన్న చేపలు వస్తాయి, వాటి కోసం స్క్విడ్లు వస్తాయి. గేలాన్ని పైకీ కిందికీ మెల్లగా ఆడిస్తూ ఉండాలి. గంటసేపట్లో ఒకాయనకు ఒక్కటే పడింది, పైకి రాగానే నల్లటి సిరా చిమ్మింది. అమ్మ గేలం పట్టుకోలేదు గానీ అందరికన్నా చివర లేచింది.

పై డెక్కు మీద నేను ఒక్కదాన్నే కాసేపు పడుకున్నాను. దిగువన జనరేటర్ సన్నగా మోగుతోంది, అది ఆగదు. పూర్తి నిశ్శబ్దం కోరుకునేవాళ్లు ఇది తెలుసుకుని రావాలి. కొండలు నక్షత్రాలను మూసేసిన చోట నల్లటి ఆకారాలుగా తెలిశాయి. కాలనీకి వెళ్లిన మొదటి వర్షాకాలం పిన్ని ఫోన్‌లో అన్న మాట గుర్తొచ్చింది: "వరద ఎంతొచ్చిందో టీవీలో చూసి తెలుసుకుంటున్నామే." అప్పుడు ఆ మాట బరువు నాకు తెలియలేదు. మంచి పునరావాస ప్యాకేజీ వస్తే చాలుననుకున్నాను. ప్యాకేజీ కావాలి, అది అందరికీ పూర్తిగా, సమయానికి అందాలి, అందులో నాకు రెండో అభిప్రాయం లేదు. కానీ రేవు మెట్ల మీద ఎన్నో మెట్టు మునిగిందో చూసి వరదను చెప్పగలిగిన మనిషికి ఆ చూపు ఎక్కడ పనికొస్తుంది?

దానికి జవాబు తెల్లవారుజామున కొంత దొరికింది.

మూడో రోజు: నీటి గుర్తు

ఐదున్నరకు అమ్మ నన్ను లేపి కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. "ఆ కొండ అడుగు చూడు. నిన్న దీపాలు పెట్టేటప్పుడు ఆ గుంట మునిగి ఉంది. ఇప్పుడు మొత్తం బయటపడింది. రాత్రంతా తీస్తూనే ఉంది." చూశాను. ప్రతి కొండకూ నీటి మట్టం దగ్గర లోపలికి కోసుకుపోయిన గాడి ఉంది, కొండ కింద సన్నబడి పుట్టగొడుగు కాడలా కనపడుతుంది. రాయి మీద తడి నలుపు మనిషి ఎత్తు దాటి ఉంది. దానికి ఆలిచిప్పలు అంటుకుని ఉన్నాయి. వేల ఏళ్లుగా ఉప్పునీళ్లూ, రాతిని తొలిచే జీవులూ కలిసి చేసిన కోత అది.

గైడ్‌కు చెబితే ఆశ్చర్యపోయాడు. పర్యాటకులు ఎవరూ గమనించరట. మన విశాఖ తీరంలో సముద్రం రోజుకు రెండుసార్లు పోటెత్తి రెండుసార్లు తీస్తుంది. ఇక్కడ చాలా రోజుల్లో ఒక్కసారే పెరిగి ఒక్కసారే తగ్గుతుంది, పెద్ద పోటు రోజుల్లో తేడా నాలుగు మీటర్ల దాకా ఉంటుంది. "మరి ఆ ఇళ్లు?" అని అడిగింది అమ్మ. తేలే పీపాల మీద ఉంటాయి కాబట్టి నీళ్లతో పాటు లేచి, నీళ్లతో పాటు దిగుతాయన్నాడు. అమ్మ ఆ మాట ఇంకోసారి చెప్పించుకుంది.

టిఫిన్ తర్వాత థియెన్ కాన్ సొన్ గుహకు తీసుకెళ్లారు. మెట్లు సుమారు వంద ఉంటాయి, అమ్మ మధ్యలో రెండు చోట్ల ఆగి ఎక్కింది. లోపల మూడు గదుల్లాంటి భాగాలు, పైనుంచి వేలాడే సున్నపురాతి ధారలు. బొర్రా గుహలు చూసినవాళ్లకు పరిమాణంలో ఇది చిన్నదే. బాగున్నది బయటి ద్వారం దగ్గర. అక్కడ నిలబడితే దీవులన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుంటాయి, ఆ ఎత్తు నుంచి చూసినప్పుడే అవి కొండల వరసలని, మధ్యలోవి లోయలని నిజంగా అర్థమవుతుంది. నీళ్ల మీద అక్కడక్కడా చేపల పంజరాల నుంచి తెగివచ్చిన తెల్లటి ఫోమ్ ముక్కలూ తేలుతున్నాయి. ఒక ఆమె చిన్న పడవలో తిరుగుతూ వాటిని వలతో ఏరుతోంది. 2019 నుంచి పర్యాటక పడవల్లో ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను ఆపేశారు. మా పడవలో కూడా గాజు సీసాల్లోనే నీళ్లిచ్చారు. అది చూసి సంతోషించాను, కానీ ఫోమ్ ముక్కల బాధ ఇంకా తీరలేదు.

పదకొండున్నరకు హోన్ గాయ్ తిరిగి వచ్చేశాం. హనోయ్ వ్యాను సాయంత్రానికి మార్పించుకుని క్వాంగ్ నిన్ మ్యూజియంకు వెళ్లాం. సముద్రం ఒడ్డున నల్లటి అద్దాల పెట్టెలు మూడు నిలబెట్టినట్టుంటుంది, 2013లో తెరిచారు. స్పెయిన్ ఆర్కిటెక్టు డిజైన్ చేసిన ఆ నలుపు బొగ్గు రంగు. వియత్నాం బొగ్గులో ఎక్కువ భాగం ఈ రాష్ట్రానిదే, గని నమూనా కూడా లోపల ఉంది. సింగరేణి వాళ్లు ఎవరైనా వస్తే ఆ అంతస్తు వదలకండి. మేం మాత్రం ఎక్కువసేపు చేపల వాళ్ల పడవలు పెట్టిన గదిలోనే గడిపాం. వలలు, బుట్టలు, తెడ్లు. మన పుట్టిలాంటి గుండ్రటి వెదురు పడవ ఒకటి. అమ్మ దాని అల్లికను దగ్గరగా చూసి, వెదురు ఎంత సన్నగా చీల్చారో నాకు చూపించింది. "మా ఊరి కొండరెడ్లయితే ఇంకా సన్నగా చీలుస్తారు" అంది.

వ్యాను బయల్దేరాక అమ్మ పిన్నికి వాట్సాప్‌లో ఫోన్ చేసింది. దీవుల గురించి, డ్రాగన్ల గురించి చెబుతుందనుకున్నాను. "ఇక్కడ తూటికూర వండుకుంటారే, వెల్లుల్లి వేసి" అని మొదలుపెట్టింది. తెడ్లు వేసినామె గురించి చెప్పింది, కొడుకు ఉద్యోగం గురించి, చేప కొనాల్సి రావడం గురించి చెప్పింది. తర్వాత గొంతు తగ్గించి, "వాళ్ల ఇళ్లు నీళ్ల మీదే ఉండేవట. నీళ్లు పెరిగితే ఇళ్లూ లేచేవట, నీళ్లు తీస్తే దిగేవట" అంది.

పిన్ని అవతల ఏమందో నాకు వినపడలేదు. వ్యాను బాక్ డాంగ్ వంతెన ఎక్కింది. అమ్మ ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని కిందికి చూసి, "ఆగవే, ఇక్కడ మళ్లీ పోటు మొదలైంది" అంది.